కార్డు మీద ఎర్ర సిరా

"తాళంచెవి ఇవ్వను," అంది అమ్మ. ఆ మాట అనడం అది మూడోసారి.

ట్రంకుపెట్టె మంచం కింద ఉంది. ఆవిడ మంచం మీద, మడమలు పెట్టెకు ఆనించి కూర్చుంది. పెట్టె బయటికి లాగాలంటే ముందు ఆవిణ్ణి లేపాలి. ఇంట్లో ఉన్న మిగతా ముగ్గురిలో ఆ పని చేయగల మనిషి లేడు.

పెట్టెలో ఉన్నది ఒక ఆస్పత్రి కార్డు. పదిహేనేళ్ళ కిందటిది. పైన ఎర్ర సిరాతో ఒక ముక్క రాసి ఉంది: పెన్సిలిన్ పడదు. ఆ కార్డు తీసుకుని పదకొండింటికల్లా రమ్మని పెద్దాస్పత్రి డాక్టరమ్మ చెప్పింది. ఆ రోజు కళ్ళతో చూసినవాళ్ళు కూడా రావాలంది. చూసినవాళ్ళు ఇద్దరే. ఒకరు మంచం మీద ఉన్నారు. రెండో ఆయన ముందుగదిలో పేపరు చదువుతున్నాడు.

తొమ్మిదింబావు అయింది.

"అత్తయ్యగారూ, కార్డు చూపించినంత మాత్రాన సూది పొడిచెయ్యరు," అన్నాడు అల్లుడు. అతను లిఫ్టులు బాగుచేస్తాడు. ఇరుక్కుపోయిన మనుషులతో తలుపు ఇవతల నుంచి మాట్లాడడం అతనికి అలవాటే. "చూస్తారు, నాలుగు ప్రశ్నలు అడుగుతారు. అంతే."

"అడగడానికేముంది బాబూ? అందులో రాసే ఉంది. ఆవిడ చదువుకున్న మనిషే కదా?"

"చదువుకుంది కాబట్టే అడుగుతోంది."

"నా కూతురు చచ్చి బతికింది. ఈ కళ్ళతో చూశాను. ఆవిడకి అంత నమ్మకం కుదరకపోతే ఆ సూదేదో వాళ్ళమ్మాయికి వేసుకోమనండి."

"ఆవిడకి పెళ్ళే కాలేదమ్మా," అంది పిచ్చిక గుమ్మంలోంచి.

పుట్టినప్పుడు రెండు కిలోలు కూడా తూగలేదని ఆమెకు ఆ పేరు వచ్చింది. ఇప్పుడు ఇరవై నాలుగేళ్ళు. బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే మిషను మీద పని. మూడేళ్ళ కిందట జ్వరం వచ్చి మోకాళ్ళు వాచాయి. జ్వరం తగ్గింది, గుండెలో ఒక కవాటం మాత్రం పాడైందన్నారు. గొంతులో చేరే ఒక క్రిమి వల్ల వచ్చే జబ్బు అది. మళ్ళీ వచ్చిన ప్రతిసారీ కవాటాన్ని ఇంకొంచెం తింటుంది. రాకుండా ఉండాలంటే మూడు వారాలకొక పెన్సిలిన్ ఇంజక్షన్, ఏళ్ళ తరబడి. పెన్సిలిన్ పడదని కార్డు చెబుతోంది గనక రోజుకు రెండు మాత్రలు వేరేవి ఇచ్చారు. పోయిన నెల జబ్బు మళ్ళీ వచ్చింది. ఫ్యాక్టరీ మూడో అంతస్తులో ఉంది. ఇప్పుడు ఆమె ఒక్కో మలుపు దగ్గర ఆగి ఎక్కుతోంది.

"ఊళ్ళో లిఫ్టులన్నీ నేను బాగుచేస్తాను, మా ఆవిడ మాత్రం మెట్లెక్కాలి," అన్నాడు అల్లుడు. ఎవరూ నవ్వలేదు.

"మాత్రలున్నాయిగా," అంది అమ్మ.

"ఉన్నాయి. వేసుకుంటూనే ఉన్నాను. అయినా వచ్చింది," అంది పిచ్చిక.

"మరిచిపోయిన రోజులు లేవా?"

"ఉన్నాయి. రోజుకు రెండు లెక్కన మూడేళ్ళమ్మా. నువ్వు స్టవ్వు కట్టెయ్యడం ఎన్నిసార్లు మరిచిపోయావు?"

"స్టవ్వుకీ దీనికీ ముడిపెట్టకు. ఇకనుంచి పూటపూటా నేనే నీ నోట్లో వేస్తాను. ఫ్యాక్టరీకొచ్చి మరీ వేస్తాను. ఆ సూది మాట మాత్రం ఎత్తొద్దు."

అల్లుడు గోడకు ఆనుకున్నాడు. పిచ్చిక ముందుగదిలోకి వెళ్ళింది.

కాంపౌండరు చేతిలో పేపరు ఉంది. ఉద్యోగం వదిలి ఆరేళ్ళయినా వీధిలో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ముప్పై మూడేళ్ళు ఒకే ఆస్పత్రిలో మందులు కలిపాడు, కట్లు కట్టాడు, సూదులు వేశాడు.

"నాన్నా, తయారవ్వు."

"మీ అమ్మ ఒప్పుకోదు."

"అమ్మ సంగతి సరే. నువ్వేమంటావు?"

"నేననేదేముంది? కార్డు మీద ఉంది కదా."

"కార్డు మీద రాసింది నువ్వే కదా."

ఆయన పేజీ తిప్పాడు. తిప్పిన పేజీ నిండా ప్రకటనలే ఉన్నాయి. వాటినే చదివాడు.

"నువ్వు రాకపోతే నేనూ ఆయనా వెళ్తాం," అంది పిచ్చిక. "కార్డు లేకుండానే. డాక్టరమ్మ అడిగితే నాకు గుర్తున్నది చెప్తాను."

"తొమ్మిదేళ్ళ పిల్లవి. నీకేం గుర్తుంటుంది?"

"బల్ల గుర్తుంది. 'అంచు గట్టిగా పట్టుకో, కదలకు' అన్నావు. అది గుర్తుంది."

కాంపౌండరు పేపరును నాలుగు మడతలు పెట్టి కుర్చీ కింద ఉంచాడు. లేచి పడగ్గదిలోకి వెళ్ళాడు. అల్లుడు దారి ఇచ్చాడు.

"చీర మార్చుకో, వెళ్దాం," అన్నాడు భార్యతో.

"తాళంచెవి ఇవ్వనంటే మీకు కాదా చెప్పేది?"

"నీ దగ్గరే ఉంచుకో. కార్డు అక్కర్లేదు. రాసినవాణ్ణి నేను వస్తున్నాను. చూసినదానివి నువ్వు రా."

ఆవిడ ఆయన ముఖంలోకి చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఆవిడతో వాదించి గెలిచిన రోజు లేదు. అసలు వాదించిన రోజులే తక్కువ.

"వస్తాను," అంది చివరికి. "నేను లేకపోతే మీరు ముగ్గురూ కలిసి సూది వేయించుకొచ్చేస్తారు. మీరంతా ఒక తాను గుడ్డలే."

పది నిమిషాల తర్వాత గదిలోంచి పెట్టె తాళం తీసిన చప్పుడు వినిపించింది. బయటికి వచ్చేటప్పుడు ఆవిడ సంచీలో కార్డు ఉంది.

*

డాక్టరమ్మ గదిలో మంచం ఒకటి, కుర్చీలు మూడు. అల్లుడు నిలబడ్డాడు. మంచం పక్కన చక్రాల బల్ల మీద ట్రే ఉంది. అందులో మందు ఎక్కించి మూత పెట్టిన సిరంజి ఒకటి ఉంది. పక్కనే ఆక్సిజన్ సిలిండరు. అమ్మ అవన్నీ ఒకసారి చూసి కుర్చీని గుమ్మం వైపు జరుపుకుంది.

డాక్టరమ్మ కార్డు చదివింది. వెనక్కి తిప్పింది. వెనక ఏమీ లేదు.

"పడదు అని రాశారు. ఏమైందో రాయలేదు," అంది. "అమ్మా, మీరు చెప్పండి. ఏం చూశారు?"

"నేను బయట బెంచీ మీద ఉన్నాను. లోపల దభీమని చప్పుడైంది. పరుగెత్తాను. పిల్ల నేల మీద పడి ఉంది. ముఖం సున్నం కొట్టినట్టుంది. నుదుటి మీంచి రక్తం. ఇదిగో, మచ్చ ఇప్పటికీ ఉంది."

"ఒంటి మీద దద్దుర్లు?"

"రక్తం చూశాను."

"పెదాలు, కళ్ళు వాచాయా? ఊపిరి పీల్చేటప్పుడు పిల్లికూతలు?"

"ఊపిరి ఉందో లేదో చూసే స్థితిలో ఉన్నానా నేను? కన్నతల్లిని. మీరలా చీటీ చూసి అడిగినట్టు అడుగుతుంటే..."

"చీటీ చూసే అడుగుతున్నానమ్మా. ఒక్క ప్రశ్న మరిచిపోయినా మీ అమ్మాయికే నష్టం." డాక్టరమ్మ కాంపౌండరు వైపు తిరిగింది. "మీరు చెప్పండి. సూది వేసిన ఎంతసేపటికి పడింది?"

"తీసిన వెంటనే. నిమిషం కూడా కాలేదు."

"తర్వాత?"

"పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పట్టుకున్నాను. రెండు నిమిషాల్లో కళ్ళు తెరిచింది. మంచినీళ్ళు అడిగింది."

"దద్దుర్లు? వాపు? ఆయాసం? వాంతి?"

"లేవు. ఏవీ లేవు."

డాక్టరమ్మ రాసుకుంది. పెన్ను పక్కన పెట్టలేదు.

"పడుకోబెట్టి కాళ్ళెత్తానన్నారు. అంటే సూది వేసేటప్పుడు పడుకుని లేదన్నమాట. కూర్చుందా?"

బయట వరండాలో ఎవరో స్ట్రెచరు తోసుకుంటూ వెళ్ళారు. ఆ చప్పుడు పోయేదాకా కాంపౌండరు ఆగాడు.

"నిలబడింది. నేనే నిలబెట్టాను," అన్నాడు.

ఆ వారం బడిలో పిల్లలందరికీ గొంతునొప్పులు వచ్చాయి. ఆస్పత్రి ముందు వరస. సూదులు వేసే గదిలో మంచం ఒక్కటే ఉంది. ఒక్కొక్కరినీ ఎక్కించి, పడుకోబెట్టి, దించితే మధ్యాహ్నం దాటుతుంది. అందుకని బల్ల అంచు పట్టుకుని నిలబడమనేవాడు. పిల్లలు వస్తున్నారు, పట్టుకుంటున్నారు, పొడిపించుకుని వెళ్తున్నారు. అంతవరకూ గంటకు నలభై మంది.

గంటకు నలభై అన్న మాట ఆయన ఇంట్లో చాలాసార్లు చెప్పాడు. ఇంటికొచ్చిన చుట్టాలకు చెప్పాడు. నిలబెట్టిన సంగతి చెప్పలేదు.

"ఆ పొద్దున పిల్ల ఏమైనా తిందా?" అని డాక్టరమ్మ అడిగింది.

"ముందు రోజు సాయంత్రం నుంచీ ఏమీ మింగలేదు," అంది అమ్మ. ఆ మాట అనేటప్పుడు ఆవిడ డాక్టరమ్మను చూడడం లేదు. భర్తను చూస్తోంది.

"జ్వరం, ఖాళీ కడుపు, భయం, నొప్పి. నిలబడి ఉన్న పిల్ల," అంది డాక్టరమ్మ. "కళ్ళు తిరిగి పడితే ఇలాగే ఉంటుంది. మందు పడకపోతే చాలావరకు ఇంకోలా ఉంటుంది. అయినా నా ఊహ మీద నేను సూది వెయ్యను. పరీక్ష చేస్తాం. అది తర్వాత. ముందు ఇది చెప్పండి. ఇంత తెలిసిన మనిషి, మందు పడదు అని ఎందుకు రాశారు?"

"మా ఆవిడ లోపలికొచ్చి 'ఏం చేశారు?' అని అడిగింది," అన్నాడు కాంపౌండరు. "నిలబెట్టాను అని నోటికి రాలేదు. మందు పడలేదు అన్నాను. ఒకసారి అన్నాక సాయంత్రం పెద్ద డాక్టరుకీ అదే చెప్పాను. కార్డు మీద రాయమన్నాడు. రాశాను."

అల్లుడు బూట్ల వైపు చూసుకున్నాడు. పిచ్చిక తండ్రి చేతుల వైపు చూసింది. అవి మోకాళ్ళ మీద ఉన్నాయి.

అమ్మ గొంతు పెంచలేదు.

"దాని పన్ను పీకించడానికి మూడు ఆస్పత్రులు తిరిగాను," అంది. "ప్రతిచోటా ఈ కార్డు తీసి చూపించాను. మీరు నా పక్కనే ఉన్నారు."

"ఉన్నాను."

"బడి పిల్లలందరూ ఊరు వెళ్తుంటే దీన్ని పంపలేదు. అక్కడ ఎవరైనా తెలియక ఆ సూది వేస్తారేమోనని. ఏడ్చింది. మీరే ఊరుకోబెట్టారు."

"అవును."

"సరే," అంది అమ్మ.

డాక్టరమ్మ లేచి చేతులు కడుక్కుంది. ఆ ఇంటి లెక్కలు తేల్చడం తన పని కాదన్నట్టు పిచ్చికను మంచం మీద పడుకోమంది.

"ఈ వారంలో జలుబు మాత్రలు, దురద మాత్రలు ఏమైనా వేసుకున్నావా? నిజం చెప్పు. అవి వేసుకుంటే పరీక్ష తప్పు చూపిస్తుంది."

"లేదండి."

"పొద్దున తిన్నావా?"

"తిన్నాను. మావాళ్ళు పోట్లాడుకుంటుంటే నేను తిన్నాను."

డాక్టరమ్మ మొదటిసారి నవ్వింది. పిచ్చిక ముంజేతి మీద చుక్కలు వేసి, ఒక్కో చుక్క దగ్గర చర్మాన్ని సూదిమొనతో గుచ్చింది. పక్కన పెన్నుతో గుర్తులు పెట్టింది.

"ఆ సిరంజిలో ఏముంది?" అని అమ్మ అడిగింది. ట్రే మీంచి ఆవిడ చూపు తిప్పుకోలేదు.

"నిజంగానే మందు పడకపోతే వెంటనే తొడలోకి ఇచ్చేది. అవసరం పడుతుందని కాదు. అవసరం పడ్డాక వెతుక్కుంటే టైముండదు. ఇది చేతికందే చోట లేకుండా పెన్సిలిన్ సూది వేస్తామని ఎవరన్నా ఒప్పుకోకండి. మందుల షాపయినా సరే, ఇంటికొచ్చి వేస్తామన్నా సరే."

"మా దగ్గర అది బీరువాలో ఉండేది," అన్నాడు కాంపౌండరు. "తాళం పెద్ద డాక్టరు జేబులో."

"చాలాచోట్ల ఇప్పటికీ అంతే," అంది డాక్టరమ్మ.

ఇరవై నిమిషాల తర్వాత ఒక చుక్క దగ్గర చర్మం లేచింది. మిగతావి మామూలుగా ఉన్నాయి. లేచినదాన్ని చూసి అమ్మ కుర్చీలోంచి లేవబోయింది.

"కూర్చోండి. అది పెన్సిలిన్ కాదు. లేవాల్సినదే అది. అది లేవకపోతే పరీక్షే సరిగా జరగలేదని అర్థం. పెన్సిలిన్ చుక్కలు ఇవి. ఏమీ లేదు, చూశారా?"

అమ్మ వంగి చూసింది. వేలితో ముట్టుకోబోయి ఆగింది.

"ఇప్పుడు అదే జాతి మందు ఒకటి నోట్లో వేస్తాను. గంటసేపు ఇక్కడే ఉండాలి. నర్సు వచ్చి బీపీ, నాడి చూస్తూ ఉంటుంది. గొంతు బిగిసినా, దురద పెట్టినా, ఎలా చెప్పాలో తెలియని తేడా ఏదైనా అనిపించినా పిలవాలి. ఈ గంట బాగా గడిస్తే కార్డు మీద ఆ ముక్క నేను కొట్టేసి సంతకం పెడతాను."

"తర్వాత ఇంజక్షనా?" అని అల్లుడు అడిగాడు.

"తర్వాత ఇంజక్షను. పడుకోబెట్టే ఇస్తాం. తిని రావాలి. పాలలా చిక్కగా ఉండే మందు, మెల్లగా ఎక్కించాలి. కండలోకే వెళ్ళాలి. పొరపాటున రక్తనాళంలోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. అందుకే తెలిసిన చెయ్యి కావాలి. వేసిన ప్రతిసారీ అరగంట కూర్చోవాలి. పదిసార్లు ఏమీ కాలేదు కదా అని పదకొండోసారి లేచి వెళ్ళిపోకూడదు. నీ కవాటానికి ఇదే దారి. ఆ మాత్రలు గుడ్డికన్నా మెల్ల."

ఆమె క్యాప్సూలు ఇచ్చింది. గ్లాసుతో నీళ్ళు ఇచ్చింది. పిచ్చిక మింగింది. డాక్టరమ్మ గడియారం చూసి టైము రాసి, పక్క గదిలోకి వెళ్ళింది. తలుపు తెరిచే ఉంచింది.

*

మొదటి పావుగంటలో నర్సు వచ్చింది, బీపీ చూసింది, వెళ్ళింది. అల్లుడికి ఫోను వచ్చింది. ఎక్కడో రెండు అంతస్తుల మధ్య ముగ్గురు ఇరుక్కున్నారు. "ఏ బటనూ నొక్కొద్దని చెప్పు, నేను చెప్పేదాకా," అంటూ వరండాలోకి నడిచాడు.

అమ్మ కుర్చీని గుమ్మం దగ్గర్నుంచి మంచం దగ్గరికి తెచ్చుకుంది. భర్త కుర్చీకీ తన కుర్చీకీ మధ్య మంచం ఉండేలా వేసుకుంది.

"దురద పెడుతోందా?"

"లేదమ్మా."

"గొంతు?"

"బానే ఉంది. నువ్వు ఇన్నిసార్లు అడిగితే లేని దురద వచ్చేట్టుంది."

ఇరవై ఐదో నిమిషంలో పిచ్చిక తండ్రి వైపు తల తిప్పింది.

"నాన్నా, నేను పడకముందు ఇంకెవరో పడ్డారు కదూ? నేను వరసలో ఉన్నాను. నా ముందు పిల్ల బల్ల పట్టుకునే జారిపోయింది. నువ్వు పక్కకి ఎత్తి కూర్చోబెట్టి, 'తర్వాత' అన్నావు. తర్వాతది నేనే."

"అవును. పడింది," అన్నాడు కాంపౌండరు.

"ఒక పిల్ల పడ్డాక కూడా దీన్ని నిలబెట్టారా?" అంది అమ్మ.

ఆయన తల ఊపాడు.

"ఆ అమ్మాయి కార్డు మీదా రాశావా?" అని పిచ్చిక అడిగింది.

"రాశాను. ఒకే పొద్దున ఇద్దరు పడితే, ఒకరికి రాసి ఇంకొకరికి రాయకపోతే పెద్ద డాక్టరు అడిగేవాడు."

అమ్మ భర్త వైపు తిరిగింది.

"ఫొటోగ్రాఫరు వాళ్ళ పిల్ల," అంది. "వాళ్ళమ్మ బెంచీ మీద నా పక్కనే కూర్చుంది. ఆ ఇల్లు నాకు తెలుసు. ఈ గంట అవగానే మనిద్దరం నేరుగా అక్కడికి వెళ్తున్నాం. ఇక్కడ చెప్పినట్టే అక్కడా చెప్పండి. మీరు చెప్తుండగా పక్కన నిలబడతాను. ఆ తర్వాత మీతో మాట్లాడతానో లేదో తర్వాత చూద్దాం. పాపం, ఆ పిల్ల ఎన్ని ఆస్పత్రుల్లో ఆ కార్డు చూపించుకుంటోందో."

"చూపించుకోవడం లేదు," అన్నాడు కాంపౌండరు.

"మీకెలా తెలుసు?"

"ఆ అమ్మాయికి ఆపరేషను పడింది. కార్డు చూసి డాక్టర్లు ఆగారట. ఫొటోగ్రాఫరు నన్ను బజార్లో ఆపి అడిగాడు. వాళ్ళింటికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. పరీక్ష చేయించుకున్నారు. ఏమీ లేదని తేలింది. కొట్టేయించుకున్నారు."

అమ్మ చేతులు ఒళ్ళో ఉన్నాయి. అవి కదలలేదు.

"వాళ్ళకి చెప్పారు," అంది.

"వాళ్ళకి చెప్పడం తేలికైంది."

నర్సు లోపలికొచ్చి పిచ్చిక చేతికి పట్టీ చుట్టింది. గాలి కొట్టింది, వదిలింది, అంకె రాసుకుంది. "నాడి కొంచెం ఎక్కువగా ఉందే? కంగారు పడకండి," అని చెప్పి వెళ్ళింది.

పిచ్చిక మోచేతుల మీద లేచి కూర్చుంది.

"ఎప్పుడు వెళ్ళావు నాన్నా వాళ్ళింటికి?"

"మూడేళ్ళయి ఉంటుంది."

"నాకు మొదటిసారి జ్వరం వచ్చింది కూడా మూడేళ్ళ కిందటే," అంది పిచ్చిక. "ఆ మాత్రలు మొదలుపెట్టింది అప్పుడే. నువ్వు వెళ్ళింది దానికి ముందా, తర్వాతా?"

వరండాలో అల్లుడు ఫోనులో ఎవరికో నెమ్మదిగా చెబుతున్నాడు, తలుపు బలవంతంగా తోయొద్దని. కాంపౌండరు గోడ మీద గడియారం చూశాడు. గంట పూర్తవడానికి ఇంకా ముప్పై ఒక్క నిమిషాలు ఉన్నాయి.

"చెప్పండి," అంది అమ్మ.